తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సైకిలు ఫిట్టింగు: ఒక వృత్తి చరిత్ర

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ప్రజలు ఇరవయ్యో శతాబ్దంలో వాడిన సైకిలు ఫ్యాక్టరీలోనే పూర్తిగా తయారై వచ్చిన వస్తువు కాదు. ఫ్రేము, ఫోర్కు, హ్యాండిలు, మడ్‌గార్డుల వంటి ప్రధాన భాగాలు కంపెనీ నుంచి డీలరు దుకాణానికి విడివిడిగా చేరేవి. టైర్లు, ట్యూబులు, సీటు, పెడళ్లు, బెల్లు, డైనమో దీపం వంటి వాటిని కొనేవారు తమ స్తోమతను బట్టి ఎంచుకునేవారు. వాటన్నిటినీ ఒక్కటిగా కూర్చి, చక్రాల వంకరలు సరిచేసి, తొక్కడానికి వీలైన సైకిలుగా అప్పగించే పని మెకానిక్‌ది. ఈ పనికే ఫిట్టింగు అని పేరు. నేడు కొందరు యువకులు అటకల మీద, పాత సామాను దుకాణాల్లో దొరికిన పాత ఫ్రేములను తెచ్చి, భాగాలు సేకరించి, తిరిగి నడిచే సైకిళ్లుగా మలచడం కొత్త అభిరుచిగా కనిపించవచ్చు గాని, చారిత్రకంగా చూస్తే అది ఈ ప్రాంతపు వీధి దుకాణాల్లో దశాబ్దాల పాటు సాగిన వృత్తికి కొనసాగింపే.

నేటి సైకిలు రూపానికి మూలం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు. రెండు చక్రాలూ దాదాపు సమాన పరిమాణంలో ఉండి, పెడళ్ల బలం చైను ద్వారా వెనుక చక్రానికి అందే ఏర్పాటు దానితో స్థిరపడింది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపే టైరుకు పేటెంటు పొందడంతో గతుకుల దారుల్లో కూడా సైకిలు ప్రయాణం సాధ్యమైంది. ఇంగ్లండులో తయారైన సైకిళ్లు దక్షిణాదికి మద్రాసు ఓడరేవు ద్వారా వచ్చేవి. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే నాటికే రేణిగుంట, తిరుపతి, పాకాల, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాలకు రైలు సౌకర్యం ఉండడం వల్ల మద్రాసు సరుకు ఈ పట్టణాలకు చేరడం కష్టం కాలేదు. అయితే దిగుమతి సైకిలు ధర సామాన్యుడికి అందనిది కావడంతో, మొదట్లో అది ఉద్యోగులకు, వకీళ్లకు, కలిగిన కుటుంబాలకు పరిమితమైన వాహనంగానే ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం దిగుమతులను దెబ్బతీసింది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం దిగుమతులను నియంత్రించి దేశీయ తయారీని ప్రోత్సహించింది. బొంబాయి, కలకత్తా వంటి చోట్ల సైకిలు తయారీ అంతకుముందే మొదలైనా, ఈ ప్రాంతపు చరిత్రను మార్చినది మాత్రం మద్రాసు పొరుగున ఉన్న అంబత్తూరు. ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ సహకారంతో మురుగప్ప కుటుంబం 1949లో టీఐ సైకిల్స్ ఆఫ్ ఇండియాను స్థాపించింది. అక్కడి నుంచి హెర్క్యులిస్ సైకిళ్లు, తరువాత ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో మరికొన్ని రకాలు వెలువడ్డాయి. ఆ ఫ్యాక్టరీ ఉన్న మద్రాసు-తిరువళ్లూరు రోడ్డే ముందుకు సాగి తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంటల మీదుగా తిరుపతికి చేరుతుంది. అంబత్తూరు రైల్వే స్టేషను ఉన్న మార్గమే అరక్కోణం దాటి రేణిగుంటకు వస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి పాలన వేరైనా, సైకిలు విషయంలో ఈ పట్టణాలకు మద్రాసే పెద్ద బజారుగా నిలిచింది. ఆసన్‌సోల్‌లో తయారైన సేన్-రాలీ, సోనీపత్‌లో తయారైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో సైకిళ్లు కూడా దేశమంతటికీ చేరుతూ పోటీకి నిలిచాయి.

పేర్లు ఎన్ని ఉన్నా వీటి నమూనా ఒక్కటే. అది రోడ్‌స్టర్ అని పిలిచే ఇంగ్లీషు తరహా బరువైన సైకిలు. ఉక్కు గొట్టాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళం వెడల్పు టైర్లు, నిటారుగా కూర్చునే సీటు, గేర్లు లేని చైను దీని లక్షణాలు. ఉదాహరణకు పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుక చక్రపు ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటే పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు సాగుతుంది. పెడళ్లు ఆపినా చక్రం తిరుగుతూ ఉండేలా చేసే పళ్ల భాగమే ఫ్రీవీల్. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు చదును దారులకు ఈ నిష్పత్తి చక్కగా సరిపోయింది గాని, చిత్తూరు నుంచి పలమనేరుకు వెళ్లే మొగిలి ఘాటులో, తిరుపతి నుంచి పీలేరు వైపు వెళ్లే భాకరాపేట ఘాటులో దిగి నెట్టుకుంటూ పోవడమే దారి. అయినా పాలక్యాన్లు, ధాన్యపు మూటలు, చీరల మూటలు, గడ్డిమోపులు మోయగలిగిన ఆ బరువైన ఉక్కు శరీరమే ఈ సీమ రైతుకూ, చిరువ్యాపారికీ కావలసింది. తేలికదనం కంటే మన్నికనే కోరుకున్న ఈ అవసరం వల్లనే ఇన్ని పాత ఫ్రేములు నేటికీ మిగిలి ఉన్నాయి.

సైకిళ్లు పెరిగినకొద్దీ వాటి చుట్టూ ఒక వీధి వ్యవస్థ రూపుదిద్దుకుంది. పట్టణాల్లో సైకిళ్లపై పన్ను ఉండేది, అది కట్టినట్టు తెలిపే లోహపు బిళ్లను సైకిలుకు బిగించుకోవలసి వచ్చేది. రాత్రివేళ దీపం లేకుండా వెళ్లినా, ఒకే సైకిలుపై ఇద్దరు వెళ్లినా పోలీసులు ఆపేవారు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక తిరుపతి విద్యార్థుల పట్టణంగా పెరిగిన క్రమంలో సైకిలు అవసరం మరింత హెచ్చింది. సొంత సైకిలు లేనివారికి అద్దె దుకాణాలు గంటల లెక్కన సైకిళ్లిచ్చేవి. మడ్‌గార్డు మీద దుకాణం పేరూ సైకిలు సంఖ్యా రాసి ఉంచి, తీసుకున్న వేళను పుస్తకంలో నమోదు చేసుకునేవారు. రోజూ ఎందరి చేతుల్లోనో నలిగే అద్దె సైకిలును నడిపించడమే మెకానిక్‌కు అసలైన పాఠశాల. చిన్న వయసులో గాలి కొట్టడం, పంక్చరు అతకడంతో మొదలైన శిష్యుడు సంవత్సరాల తరబడి పనిచేశాక గాని చక్రం కట్టే స్థాయికి చేరేవాడు కాదు. ఆయుధపూజ నాడు పానాలకూ, పంపుకూ, సైకిళ్లకూ పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొట్టే ఆచారం ఈ వృత్తికి సమాజమిచ్చిన గౌరవానికి గుర్తు.

పాత ఫ్రేము నుంచి సైకిలును కూర్చే క్రమంలో ఆ వృత్తి జ్ఞానమంతా కనిపిస్తుంది. మొదటి పని ఫ్రేమును గుర్తుపట్టడం. రంగు పోయినా ముందు గొట్టం మీది లోహపు ముద్ర, పళ్లచక్రంలో కోసిన ఆకారం, సీటు గొట్టం దగ్గర గాని వెనుక ఇరుసు పట్టే చోట గాని కొట్టిన సంఖ్య తయారీదారును పట్టిస్తాయి. కొంగ తల రాలీకి, ఒకదానికొకటి ఆనించి నిలిపిన మూడు తుపాకులు బీఎస్ఏకు గుర్తులు. రెండో పని ఫ్రేము వంకర చూడడం. వెనుక ఇరుసు పట్టే ఒక కొస నుంచి దారం లాగి, ముందు గొట్టాన్ని చుట్టి రెండో కొసకు కట్టినప్పుడు సీటు గొట్టానికి రెండు వైపులా దారం సమాన దూరంలో ఉంటే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు లెక్క. గొట్టాలు కలిసే చోట లగ్ అనే ఉక్కు తొడుగుల్లో ఇత్తడి కరిగించి అతికిన ఫ్రేములు కావడం వల్ల కొద్దిపాటి వంకరను జాగ్రత్తగా సరిచేయవచ్చు. అతుకు దగ్గర పగులు ఉంటే మాత్రం ఆ ఫ్రేమును తొక్కడానికి వాడకూడదు.

తరువాతి పని పెడళ్ల ఇరుసు ఉండే గొట్టానిది. మెకానిక్‌లు బీబీ అని పిలిచే ఈ భాగంలో రెండు ఉక్కు కప్పులు, పావు అంగుళం బాల్సు, వాటి మధ్య ఇరుసు ఉంటాయి. ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపు కప్పుకు ఎడమ మరలు ఉంటాయి కనుక మామూలుగా బిగించే దిశలో తిప్పితేనే అది ఊడుతుంది. ఇది తెలియక బలవంతం చేసినవారు మరలను చెడగొట్టడం సాధారణం. పైగా ఎక్కువ కంపెనీలు అంగుళానికి 24 మరలు పాటిస్తే రాలీ తన ఫ్రేములకు 26 మరలు పెట్టింది, కాబట్టి ఒకదాని కప్పు మరొకదానికి సరిపడదు. పెడలు కడ్డీలను ఇరుసుకు బిగించే ఏటవాలు మేకును కాటర్ పిన్ను అంటారు. తుప్పు పట్టిన పిన్నును కిరోసిన్‌తో నానబెట్టి, నట్టును మర చివర వరకు ఉంచి, అడుగున బలమైన ఆధారం పెట్టి, ఒక్క గట్టి దెబ్బతో కదిలించడం అనుభవజ్ఞుల పద్ధతి.

మెకానిక్ నైపుణ్యానికి తుది పరీక్ష చక్రం. ఇంగ్లీషు నమూనాలో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం వెనుక పడుతుంది కనుక ఈ తేడా. నడుమ ఉండే హబ్బు నుంచి రిమ్ముకు స్పోకులను ఒకదాని మీదుగా ఒకటి దాటించి అల్లి, స్పోకు కొసన ఉండే చిన్న నట్లయిన నిపుళ్లతో కొద్దికొద్దిగా బిగిస్తూ, తిరిగే చక్రం పక్కలకు గాని పైకీ కిందికీ గాని ఊగకుండా చేయడాన్ని బెండు తీయడం అంటారు. రోడ్‌స్టర్‌లో తీగలకు బదులు ఇనుప కడ్డీలు బ్రేకు రబ్బర్లను లాగి రిమ్ము లోపలి ముఖానికి నొక్కుతాయి. అందుకే అలాంటి సైకిలుకు దానికి తగిన రిమ్ములే కావాలి, కొత్త తరహా రిమ్ము వేస్తే బ్రేకు పట్టదు. రంగు విషయంలో తొందర కూడదు. వేడిలో గట్టిపరిచిన నల్లని ఎనామెలు, దాని మీది సన్నని బంగారు గీతలు కొంతైనా మిగిలి ఉంటే తుడిచి, నూనె పట్టించి నిలుపుకోవడమే మేలు, ఎందుకంటే గీకి మళ్లీ రంగు వేసిన ఫ్రేముకు దాని చరిత్ర సాక్ష్యం పోతుంది.

1980లో తమిళనాడు సరిహద్దులోని హోసూరు నుంచి టీవీఎస్ 50 మోపెడు రావడం, తరువాత మోటారు సైకిళ్లు వాయిదాల మీద దొరకడం, సిటీ బస్సులు, ఆటోలు పెరగడం కలిసి సైకిలు వాడకాన్ని తగ్గించాయి. అద్దె దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిగిలిన మెకానిక్‌లలో చాలామంది పంక్చర్లకూ మోటారు బండ్ల పనికీ మళ్లారు. ప్రభుత్వం ఉన్నత పాఠశాల బాలికలకు ఇచ్చిన సైకిళ్లు, పిల్లల గేరు సైకిళ్లు ఈ వృత్తికి కొంత పని ఇచ్చినా, కాటర్ పిన్నూ కడ్డీ బ్రేకూ తెలిసిన చేతులు మాత్రం వయసు మీరిన తరానివే. భాగాల కొరత కంటే ఈ నైపుణ్యం కొరతే పెద్ద నష్టం. కప్పులు, బాల్సు, స్పోకులు వెతికితే ఇప్పటికీ బజారులో దొరుకుతాయి, చక్రం అల్లే చేయి అలా దొరకదు.

కాబట్టి ఈ ప్రాంతంలో పాత ఫ్రేమును చేతికి తీసుకునేవారు దాన్ని అలంకార వస్తువుగా చూడకుండా, ముందుగా తమ ఊరిలోని వృద్ధ మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లాలి. ఆయన పనిని చూసి, ఆయన వాడే మాటలతో సహా రాసుకోవాలి. ఆ పనికి తగిన వేతనం చెల్లించాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల స్థానిక చరిత్ర రాసేవారు గుడుల, కోటల చరిత్రతో పాటు ఈ దుకాణాల చరిత్రనూ ఇప్పుడే సేకరించాలి, ఎందుకంటే ఈ వృత్తికి రాతప్రతులు లేవు. దాని ఆధారాలన్నీ మనుషుల జ్ఞాపకంలోనే ఉన్నాయి.