అల్యూమినియం గాలపుచక్రము: నాటిది, నేటిది

గాలమువేసి చేపలను పట్టుట మిక్కిలి ప్రాచీనమైన విద్య. ఐనను గాలపుకఱ్ఱకు దారమును చుట్టెడి చక్రమును తగిలించుట అంత ప్రాచీనము కాదు. దీనినే రీలు అందురు. చీనాదేశమున దక్షిణ సాంగ్ వంశీయుల కాలమున, క్రీ.శ. 1195 ప్రాంతమున, మా యువాన్ అను చిత్రకారుడు శీతకాలపు సరస్సుపై పడవలో కూర్చున్న జాలరిని చిత్రించెను. ఆ జాలరి కఱ్ఱకు చిన్న చక్రము కానవచ్చును. రీలును చూపు చిత్రములలో ఇదియే తొలిదని పలువురు తలంతురు. ఇంగ్లండులో 1651లో థామస్ బార్కర్ గాలపు విద్యను గూర్చిన తన గ్రంథమున ఇట్టి చక్రమును పేర్కొనెను.

నాటినుండి రెండువందల యేండ్లకు పైగా రీళ్ళను కొయ్యతోను ఇత్తడితోను చేయుచు వచ్చిరి. కొయ్య తేలికయే; కాని తడికి ఉబ్బి, ఎండకు బీటవారి, ఇరుసున బిగిసికొనును. ఇత్తడి గట్టిదే, కాని బరువు. ప్రొద్దుననుండి సాయంకాలమువఱకు ఒంటిచేత కఱ్ఱ నాడించువానికి ఆ బరువు మణికట్టున తెలియును. తేలికయు గట్టిదియునగు లోహము కావలసియుండెను. అల్యూమినియం అట్టిదే యైనను 19వ శతాబ్ది నడుమ అది వెండి బంగారములవలె అపురూపము. 1884లో అమెరికావారు వాషింగ్టను స్మారకస్తంభపు కొనపై చిన్న అల్యూమినియం శిఖరమును నిలిపిరి. 1886లో అమెరికాలో ఛార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి కృషి నొకరెఱుగకయే, విద్యుచ్ఛక్తిచే ఈ లోహమును వేఱుచేయు మార్గమును కనుగొనిరి. పిమ్మట దాని వెల శీఘ్రముగా తగ్గి, పనిముట్లు చేయువారికి అది అందుబాటులోనికి వచ్చెను.

ఇంగ్లండు ఉత్తరభాగమున నార్తంబర్లండు మండలములో ఆనిక్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1872లో విలియం హార్డీ తుపాకులు చేయు దుకాణమును తెఱచెను. సోదరుడు జాన్ జేమ్స్ ఆతనితో కలిసెను. 1891లో వీరు ‘పర్ఫెక్ట్’ అను రీలును వెలువరించిరి. మొదట దీనిని ఇత్తడితో చేసిరి. తరువాత అల్యూమినియం మిశ్రలోహముతో చేయసాగిరి. చట్రములోపల చిన్న లోహపుగుండ్లపై దారపుకండె తిరుగుట దీని విశేషము. పిడి ఒకమారు తిరిగిన కండెయు ఒకమారే తిరుగును. లోపల నొక పళ్ళచక్రము, దానిపై స్ప్రింగుచే ఆనియుండు చిన్న ఉక్కు నాలుక యుండును. చేప దారమును లాగునపుడు ఆ నాలుక పళ్ళపై టకటకలాడుచు, కండె అదుపుతప్పి తిరిగి దారము చిక్కుపడకుండ కాచును. పెద్దచేపను నిలుపుటకు అది చాలదు; జాలరి తన వ్రేళ్ళతో ఒత్తి దారపు పరుగును తగ్గింపవలెను. వెనుకకు గిరగిర తిరుగు పిడినుండి వ్రేలిని తప్పింపనివాడు దెబ్బతినును.

మన దేశమునకు ఇట్టి వేట ఆంగ్లాధికారులతో వచ్చెను. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెచ్. ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును ప్రకటించి, మహసీర్ చేపను పట్టు విధమును వివరించెను. బండలమధ్య వడిగా పాఱు నీటిలో మహసీర్ తీయు తొలిపరుగు ఏ రీలుకైనను పరీక్షయే.

అల్యూమినియమునకు ఒక గుణమును ఒక దోషమును కలవు. గాలి తగిలినంతనే దానిపై సన్నని పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడును. ఉప్పునీరు ఆ పొరను ఛేదించి గుంటలు చేయును. ఇత్తడి మర అల్యూమినియం పలకను తాకియున్నచోట ఉప్పునీరు చేరినచో, ఇత్తడి నిలిచి అల్యూమినియం తినివేయబడును. అచ్చట తెల్లని పొడి కానవచ్చును. అందుచే పాత రీలును వాడువారికి కొన్ని నియమములు ఏర్పడెను. వేట ముగిసిన దినముననే మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టవలెను. కండె నూడదీసి ఇరుసునకు ఒక చుక్క నూనెయు, నాలుకకు కొంచెము గ్రీజును పట్టింపవలెను. అధికమైనచో ఇసుక అంటుకొనును. చాకలిసోడా వంటి క్షారములు ఈ లోహమును కరగించును గనుక వానిని తాకనీయరాదు. నల్లనిపూతను మెఱుగుకై గీకివేయరాదు. అదియే దాని కవచము. పట్టుదారము వాడిన రోజులలో దానినంతయు విప్పి ఆరవేసెడివారు; తడిదారము తానును చివికి లోహమునకును చేటుచేయును. 1938లో ప్రకటింపబడిన నైలాను దారముగా వచ్చిన పిమ్మట వేఱొక చిక్కు పుట్టెను. సాగిన నైలాను చుట్టపై చుట్టగా బిగిసి, పట్టుదారమునకై చేసిన పలుచని కండెలను వంచివేసెను.

1923లో బ్రిటనులో సముద్రవిమానముల భాగములను ఉప్పునీటినుండి కాపాడుటకు, విద్యుత్తుచే ఆ సహజమైన పొరనే దళసరిచేయు ఆనొడైజింగ్ పద్ధతిని ప్రవేశపెట్టిరి. నేటి మేలైన రీళ్ళకు ఇదియే రక్ష. వీనిని అల్యూమినియం దిమ్మెనుండి కంప్యూటరు నడుపు లేతులపై చెక్కుదురు. పలువాటిలో ఒకదానిపైనొకటి ఒరయు బిళ్ళలు చేప పరుగును సమముగా నిరోధించును. బిగింపును మరతో హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. సముద్రపు పెద్దచేపలు వందలగజముల దారమును లాగికొనిపోవునపుడు చేతివ్రేళ్ళు చేయజాలని పనిని ఈ బిళ్ళలు చేయును. ఈ విషయమున క్రొత్తదే మేలనుట న్యాయము.

ఐతే పాత రీలును చిన్న మరచుట్టుతో ఎవరైనను విప్పవచ్చును. నాలుక అరిగినచో నేర్పరియైన గడియారపు పనివాడు ఆకురాయితో వేఱొకటి చేసియీయగలడు. క్రొత్తవానిలో పలువాటికి బిళ్ళల అఱను ముద్రించియుంతురు. నీరు చొరదు, యజమానుని చేయియు చొరదు. అది చెడినచో తయారుచేసినవారికి పంపవలెను. వారు ఆ రకమును మానివేసినచో భాగములు దొరకుట కష్టము. మూసియున్నదిగదా యని కడుగక మూలవేసిన క్రొత్త రీలునకును మరలచోట తెల్లనిపొడి పట్టును. వాడకము లేనపుడు బిగింపును వదులుచేయనిచో బిళ్ళలు అణగి, చేప పట్టునపుడు జారక పట్టివేయును, దారము తెగును.

నూఱేండ్లనాటి రీళ్ళు కొన్ని నేటికిని ఏటియొడ్డున తిరుగుచున్నవి. ఆ కాలమువే మఱికొన్ని తినివేయబడి పనికిరాక పోయినవి. లోహము రెంటికి నొక్కటియే. మొదటివానిని సాయంకాలము ఇల్లుచేరినంతనే కడిగి తుడిచిన చేతులు కాపాడెను. తండ్రి చేయుటను చూచి కొడుకును అటులే చేసెను. నేడు కొన్న రీలు మనుమనికి అందవలెనన్నను ఆ అలవాటు తప్పనిసరి.