తెలుగునాట విపత్తు సహాయం

కరువు, ఉప్పెన, వరద వచ్చిపడినప్పుడు సామాన్య జనం తమకున్నదాంట్లోంచి తీసి బాధితులకు అందించే తిండి, బట్ట, శ్రమ, ఆశ్రయాలను విపత్తు సహాయం అంటారు. తెలుగు ప్రాంతంలో దీని చరిత్ర ప్రధానంగా రెండు చోట్ల కనిపిస్తుంది: కరువుసీమగా పేరుబడ్డ రాయలసీమ, తరచూ తుపానులు దాటే కోస్తా.

పూర్వకాలంలో చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో, అంటే మనిషి పేరు నిలిపే ఏడింటిలో, ఒకటిగా ఎంచేవారు. కాకతీయుల నాటి శాసనాల్లో చెరువుల ప్రసక్తి విరివిగా ఉంది. ఆ తర్వాతి శతాబ్దాల్లో సత్రాలు, చలివేంద్రాలు జనానికి తిండి, నీడ, నీళ్లు అందించాయి.

1832–33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు ఊడ్చేసింది. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద పడిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1866 కరువులో కర్నూలు ప్రాంతంలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన దాతృత్వాన్ని సీమ పల్లెలు జానపద గేయాల్లో నిలుపుకున్నాయి. 1876–78 నాటి ధాత కరువు ఇంకా పెద్దది. ఆ కాలంలోనే గోదావరి లంకల్లోని గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం వండి వడ్డించేది. గోదావరి వైనతేయ పాయ మీది కొత్త అక్విడక్టుకు, ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు.

1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం నటుడు ఎన్.టి.రామారావు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. అభిమానాన్ని సాయంగా మలచే ఈ పద్ధతి తర్వాత సినీరంగానికి ఆనవాయితీ అయింది.

ఈ చరిత్రలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనది ప్రత్యేక స్థానం. ఆ శనివారం కృష్ణా నది చివరి పాయల నడుమ ఉన్న ఆ నేల మీదికి సముద్రం మీటర్ల ఎత్తున ఎగసి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం వంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. మృతులు 10 వేలకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది పూరిపాకల్లో ఉండే మత్స్యకారులు, కూలీలు. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. గుంటూరు వైపు నుంచి రావాలంటే నది మీద వంతెన అప్పటికి లేదు, పడవే దిక్కు. చుట్టుపక్కల ఊళ్ల జనం అన్నం వండి మూటలు కట్టి పంపారు. అన్నిటికంటే కష్టమైన పని శవాలను, పశువుల కళేబరాలను తొలగించడం. పేరూ ఊరూ తెలియని వారికి సామూహిక దహనాలు చేసిన యువకుల సేవ అసామాన్యమైనది. రామకృష్ణ మిషన్, క్రైస్తవ సంస్థలు, ఆర్.ఎస్.ఎస్. కార్యకర్తలు, విద్యార్థులు తమ తమ దారుల్లో పనిచేశారు. మూలపాలెం దీనదయాళ్‌పురంగా మళ్లీ లేచింది. మదర్ థెరిసా దివిసీమకు వచ్చారు. నటులు ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు బాధితుల మధ్య చేసిన సేవకు ‘దివిసీమ గాంధీ’ అనిపించుకున్నారు.

తొలి వారాల్లో కావలసినవి తిండి, బట్ట, గుడారం. ఆ తర్వాత అవసరాలు మారిపోయాయి. బావుల్లో, చెరువుల్లో చేరిన ఉప్పునీటిని తోడెయ్యాలి. చౌడుబారిన పొలానికి విత్తనం కావాలి. వల, పడవ పోగొట్టుకున్నవాడికి అవి మళ్లీ సమకూరాలి. తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ఏళ్ల తరబడి చూసుకోవాలి. పత్రికల్లో వార్తలు తగ్గాక కూడా అక్కడే ఉండి ఈ పనులు చేసినవారి పేర్లు చాలావరకు నమోదు కాలేదు. అనంతర కాలంలో తీరం వెంట తుపాను రక్షణ భవనాలు వెలిశాయి.

1996 నవంబరు 6న కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా మరణించారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్ని ముంచింది. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకింది. ఆ బాధితుల కోసం సినీ పరిశ్రమ నవంబరు 30న ‘మేము సైతం’ కార్యక్రమం నిర్వహించింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు స్వచ్ఛంద సేవకులు వంటలు చేసి ఆహార పొట్లాలు, పాలు, మంచినీళ్లు పంచారు. పడవ చేరలేని ఇళ్లకు డ్రోన్లతో ఆహారం పంపారు. నీరు దిగాక ఇళ్లలో పేరుకున్న బురదను కడగడానికి అగ్నిమాపక శకటాలు వచ్చాయి.