తెరపై తెలుగు మాట కొలత: ఒక చారిత్రక పరిశీలన

1. ప్రస్తావన

డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాసేవారు బటన్ వెడల్పు, గడి ఎత్తు నిర్ణయించాలంటే అందులోని మాట తెరపై ఎంత చోటు తీసుకుంటుందో తెలియాలి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని 'మచ్చ బొల్లారం' పేరునే తీసుకుందాం. చదివేవారికి ఇందులో ఐదు అక్షరాలు: మ, చ్చ, బొ, ల్లా, రం. యూనికోడ్‌లో ఖాళీతో కలిపి 13 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 37 బైట్లు. ఈ మూడు సంఖ్యల్లో ఏ ఒక్కటీ ఆ పేరు వెడల్పును చెప్పదు. దీనికి కారణం తెలుగు కంప్యూటరులోకి వచ్చిన చరిత్రలో ఉంది.

2. గడుల కాలం

తొలి వ్యక్తిగత కంప్యూటర్ల తెరపై 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు ఉండేవి. ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ ఒకే గడి. అక్షరాల సంఖ్యను గడి వెడల్పుతో గుణిస్తే కొలత వచ్చేది. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగు ఈ గడిలో ఇమడలేదు.

దీనికి రెండు దారులు ఏర్పడ్డాయి. డీటీపీ ఫాంట్లు అక్షరాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సంకేతం ఇచ్చాయి. ముక్కల వెడల్పులు కూడితే కొలత సులభమే. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు అర్థంలేని రోమన్ అక్షరాలుగా కనిపించేది. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ రెండో దారి. అది ముక్కలను కాక వర్ణాలను దాచింది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు కూడా తెలుగుకు ఈ దారినే అనుసరించింది.

3. ముందు కూర్పు, తర్వాత కొలత

యూనికోడ్‌లో 'చ్చ' అంటే చ, పొల్లు, చ అనే మూడు సంకేతాలు. వీటిని కలిపి ఒక రూపంగా మార్చే పనిని షేపింగ్ అంటారు. వత్తు కింద చేరితే ఎత్తు పెరుగుతుంది. కుడికి జరిగితే వెడల్పు పెరుగుతుంది. ఇది ఫాంటును బట్టి మారుతుంది. కాబట్టి సంకేతాల వెడల్పులను విడివిడిగా కూడితే లెక్క తప్పుతుంది.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును అందించింది. 2002లో జీటీకే 2తో పాటు పాంగో 1.0 లినక్స్‌కు వచ్చింది. పాంగో రెండు కొలతలు ఇస్తుంది: రూపం నిజంగా ఆక్రమించే చోటు, పంక్తి అమరికకు కేటాయించే చోటు.

ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తుతో గడి గీస్తే వత్తులు కింద తెగిపోతాయి. అప్పుడు 'మచ్చ బొల్లారం' కాస్తా 'మచ బొలారం' అవుతుంది. ఊరి పేరు విషయంలో ఇది అందానికి సంబంధించిన లోపం కాదు, సమాచార దోషం.

4. 2018 అనుభవం

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో ఒక కనిపించని సంకేతం చేరిన సంకేతాల వరుస ఐఫోన్లలో, మ్యాక్ కంప్యూటర్లలో అనేక ప్రోగ్రాంలను ఆపివేసింది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఏ సంస్థ ప్రోగ్రాం అయినా తెలుగుతో విడిగా పరీక్షించాల్సిందేనని ఈ ఘటన చూపింది.

5. సారాంశం

అక్షరాలను లెక్కపెట్టడం కొలత కాదు. ఎంచుకున్న ఫాంటులో మాటను ముందుగా కూర్చి, ఆ రూపాన్ని కొలవాలి. వెడల్పుతో పాటు ఎత్తునూ అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి పేరులో కనిపించే అక్షరాలెన్ని, యూనికోడ్ సంకేతాలెన్ని? ఈ రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో వివరించండి.