సూచక దీపములు

కార్తిక మాసమున ధ్వజస్తంభమునకు ఆకాశదీపము నెత్తుట మన దేవాలయములలో పరిపాటి. ఆ వెలుతురున ఎవరును గ్రంథము చదువరు, దారి వెదకరు. దూరమున నున్నవానికి ఒక సంగతిని తెలుపుటయే దాని పని. దీపములలో ఇతర వస్తువులను చూపునవి కొన్ని, తమ్ము చూపి వార్త చెప్పునవి కొన్ని. ఈ రెండవ తెగ దీపములు నేడు మన యిండ్లలోని ఇంటర్నెట్టు పెట్టెల వరకు వచ్చిన విధమును మనవి చేసెదను.

నంద్యాల మీదుగా మీటరుగేజి రైళ్లు నడచిన కాలమున సిగ్నలు స్తంభములపై కిరసనాయిలు దీపములుండుట పెద్దలకు జ్ఞాపకముండును. దీపమునకు ముందు ఎఱ్ఱయద్ద మొకటి, నీలపుటద్ద మొకటి యుండెడివి. నీలమేల యనగా, కిరసనాయిలు మంట పసుపువన్నె గలది. అది నీలపుటద్దముగుండ వచ్చి, దూరమునకు ఆకుపచ్చగా తోచును. ఇంగ్లండు రైళ్లలో మాత్రము మొదట ‘పొమ్ము’ అనుటకు గుర్తు తెల్లని దీపము. ఎఱ్ఱయద్దము పగిలి రాలెనేని లోపలి దీపము తెల్లగా కనబడి, ఆగవలసినచోట పొమ్మనినట్లయ్యెడిది. ఈ యపాయము నెఱిగి 1890 దశకమున అచ్చట తెలుపును మాని పచ్చను గైకొనిరి. దీపమారిన సిగ్నలును ‘ఆగుము’ అనియే యెంచవలెనని నియమము. సూచకము చెడినప్పుడు సైతము అది తప్పుడు అభయ మీయరాదు. ఈ చరిత్రమున ఇది మొదటి పాఠము.

టెలిఫోను ఎక్స్ఛేంజిలలో మొదట పిలిచినవాని గడిపై చిన్న రేకుమూత క్రిందికి వాలెడిది. 19వ శతాబ్ది తుదినుండి మూతలకు మారుగా బుడ్డి దీపములు వచ్చినవి. తంతువు వేడెక్కి వెలుగునవి గనుక అవి కొంతకాలమునకు మాడిపోయెడివి. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎఱ్ఱని వెలుగు నిచ్చు డయోడును నిర్మించెను. మనము ఎల్.ఇ.డి. యనునది ఇదియే. దానిలో కాలు తంతువు లేదు, కరెంటు ఖర్చు స్వల్పము, ఆయువు దీర్ఘము.

1973లో రాబర్టు మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలుపు ఈథర్నెట్టు పద్ధతిని ప్రతిపాదించెను. తొలినాళ్లలో అన్ని కంప్యూటర్లును ఒకే తీగకు తగిలింపబడెడివి. ఎచ్చట తెగినను అందరికిని ఆటంకమే. తెగినచోటు పట్టుటయు కష్టమే. 1990లో ప్రమాణమైన మెలితీగల పద్ధతిలో ఒక్కొక్క కంప్యూటరునకు వేరు తీగ యేర్పడెను. పంపవలసిన వార్త లేనప్పుడును ఇరుకొనల యంత్రములు సుమారు 16 మిల్లీసెకండ్ల కొకసారి చిన్న విద్యుత్స్పందనమును పంపుకొనును. అది యందుచున్నంతకాలము దీపము వెలుగును, అందకున్న నారును. రాత్రివేళ పొలము కావలివాండ్రు ఒకరికొకరు కూతవేసి తామున్నామని తెలుపుకొనుట వంటిదే యిది.

మన రాష్ట్రమున ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి. గాజు తంతువులు విద్యుత్ స్తంభముల మీదుగా పల్లెలకు వచ్చినవి. అడంగలు మొదలు పిల్లల పరీక్షల వరకు పనులెన్నో యిట్టి తంతువుల పాలైనవి.

ఆళ్లగడ్డ దాపున మా యూర నొకనాడు ఉదయమే ఇంటర్నెట్టు నిలిచెను. మనుమని పరీక్ష దరఖాస్తునకు ఆ సాయంత్రమే గడువు. పెట్టె చెడినది, క్రొత్తది కొనవలెనని చూచినవారనిరి. నేను నాలుగుమారులు మీట నార్పి వేసితిని. ఫలము లేకపోగా అప్పుడు దీపములను చూచితిని. ‘పవర్’ దీపము పచ్చగా నున్నది. కావున కరెంటు వచ్చుచున్నది. ‘పాన్’ అను దీపము ఆరియున్నది. ‘ఎల్.ఓ.ఎస్.’ అనునది ఎఱ్ఱగా మిణుకుచున్నది. వెలుగు అందుటలేదని దాని యర్థము. పెట్టెవెనుక కొన బిగువుగానే యుండెను. తప్పు వెలుపల నున్నదని తలచి తీగవెంట నడచితిని. ఎత్తుగా వరిగడ్డి వేసికొని పోయిన ట్రాక్టరు రెండవ స్తంభమువద్ద దానిని తెంపినది! చోటు ఫోనులో చెప్పగా పనివాడు నేరుగా అచ్చటికే వచ్చి అతికెను. దరఖాస్తు గడువులోపలనే పోయినది.

ఆ తంతువులోని వెలుగు మన కంటికి కనబడదు. కనుకనే కనబడు దీపమొకటి దానికి సాక్షి కావలసివచ్చినది. కనబడకున్నను అది కంటికి హాని చేయగలదు; తెగిన కొనలోనికి తొంగిచూడరాదు.

‘పాన్’ మిణుకుచుండెనేని వెలుగు వచ్చుచున్నను ఆవలి కేంద్రముతో ఒడంబడిక ఇంకను కుదరలేదని సాధారణముగా గ్రహింపవలెను. ‘లాన్’ దీపమారెనేని పెట్టెకును కంప్యూటరునకును నడుమ తీగను చూడవలెను. అన్నియు సరిగా వెలుగుచున్నను పని జరుగకున్న, తప్పు దూరమున నుండవచ్చును. దీపము తన పొరుగువాని క్షేమమునే చెప్పగలదు గాని ఊరందరి క్షేమమును చెప్పలేదు.

ఆరోగ్యవంతుని నాడి నెఱుగని వైద్యుడు రోగి నాడిని పోల్చలేడు. గుర్తులును రంగులును పెట్టె పెట్టెకు కొంత మారును. కావున అంతయు బాగుగా నడచుచున్న నాడే ఏ దీపమెట్లున్నదో ఒక కాగితమున వ్రాసి పెట్టెపై అంటించుడు. పిల్లలు పట్నములలో నున్న యిండ్లలో ఆ చీటియే పెద్దలకు చేదోడగును.