ముందుకెళ్లవయ్యా!

"ముందుకెళ్లవయ్యా!" అన్నాను మొన్న, నాచారంలో మా వాకిట తంబూరా మీటిన మనిషితో. లోపలికొచ్చి పెట్టుకుని విన్నదేమో, జాంగో రైన్‌హార్ట్ గిటారు!

1928లో గూడుబండికి నిప్పంటుకుని, ఎడమచేతి రెండు వేళ్లు చచ్చుబడ్డ జిప్సీ యువకుడాయన. అయినా 1934 నుంచి స్టెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్‌తో జతకట్టి పారిస్‌ను ఊపేశాడు. గాయకుడు జాన్ సబ్లాన్ ఫ్రెంచి పాటలకూ ఆ గిటారు తోడు నిలిచింది.

ఆ జిప్సీల తాతముత్తాతలు వాయవ్య భారతంలోని దళితులూ, గిరిజనులే కావచ్చని 2012లో జన్యువులు పరిశీలించి చెప్పిందెవరనుకున్నారు? మన ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలూ, వారి సహచరులూ!

వెయ్యేళ్ల కిందట వాళ్లనీ ఇక్కడెవరో "ముందుకెళ్లండి" అనే ఉంటారు. నాజీల కాలంలో లక్షలమందికి ముందుకెళ్లే దారి కూడా లేకపోయింది.

మా వాకిట్లోకి ఆ తంబూరా మళ్లీ రాలేదు.