నూట అరవై అక్షరాల తెలుగు

ఈమధ్య ఇల్లు సర్దుతుంటే పాత ట్రంకు పెట్టెలో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి నాన్నగారి ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట, రెండోది అమ్మ వాడిన నోకియా 1100. ఉత్తరాలు హాయిగా చదువుకున్నాను. ఫోను మాత్రం వెలగలేదు.

మన దేశంలో మొదటి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో మనకు వచ్చిన కాలుకూ మనమే డబ్బు కట్టాలి. 2003లో ఆ భారం పోయింది. అదే ఏడాది రిలయన్స్ వారు 501 రూపాయలకే ఫోను చేతికిచ్చారు. నోకియా 1100 వచ్చిందీ అప్పుడే. దుమ్ము దూరని మీటలు, నెత్తిన చిన్న టార్చిలైటు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను అది.

తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి, మాన్వి, సింధనూరు పక్కల క్యాంపులు కట్టుకున్న మనవాళ్లకు ఆ టార్చి ఎంత అక్కరకొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. రాత్రిపూట మడికి నీళ్లు పెట్టేవాడి జేబులో అది ఫోనూ, లైటూ కూడా.

అయితే చుట్టాలున్నది నది అవతల. ఏరు దాటితే కర్నూలు జిల్లా; టెలిఫోను లెక్కలో అది వేరే సర్కిలు, ఎస్టీడీ ధర. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ వారి ‘వన్ ఇండియా’ పథకం నిమిషానికి ఒక్క రూపాయి చేసేదాకా మనవాళ్ల బంధుత్వాలు చాలావరకు మిస్డ్ కాల్ మీదే నడిచాయి. ఒక రింగిస్తే క్షేమంగా చేరామని, రెండిస్తే నువ్వే చెయ్యమని!

ఇక్కడ లెక్కలు తెలిసినవాడిగా ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే. అందులోనూ ‘స్త్రీ’ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, ఫోను లెక్కకు ఆరు. పైగా ఆనాటి చౌక ఫోన్లు చాలావాటిలో తెలుగు లిపే లేదు. తెలుగును తెలుగులో రాయడం ఖరీదైన వ్యవహారమైంది. ఎవరూ నిషేధించలేదు, ధరే ఆ పని చేసింది.

దీన్ని పూర్తిగా నష్టం ఖాతాలో రాయలేను. కన్నడ మాధ్యమంలో చదివిన మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల పుణ్యమా అని ఆదోనిలోని మేనత్త పిల్లలకు ‘ఎప్పుడొస్తారు’ అని తెలుగులోనే రాయగలిగారు. మాట నిలిచింది. రాత మాత్రం చేజారింది.

ఇంకొక నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఫోన్లలో కొద్ది సందేశాలే నిలిచేవి. నిండగానే పాతవి చెరిపెయ్యాలి. 1980ల్లో కాలువకు నీళ్లు ఏ వారం వదిలారో, వడ్లు ఏ ధర పలికాయో నాన్నగారి ఉత్తరాల్లో ఉంది. 2005లో అమ్మ ఏమనుకుందో చెప్పే కాగితం ముక్క మా ఇంట్లో లేదు. రోజూ మాట్లాడుకున్నాం కనుక రాసుకోలేదు.

ఆ కట్టలోంచి ఒక ఉత్తరం తీసి మా అమ్మాయికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “ఈ ‘ళ’ కన్నడంలోలాగే ఉందే!” అంది. ఆ రాత్రే పలక కొన్నాను.