ఒలింపిక్స్ పక్కన బర్గర్ ఎట్లా చేరింది?

ఆటల మధ్యలో కూల్‌డ్రింక్, బర్గర్ యాడ్‌లు చూసి ఆటగాళ్ల బలం వాటిలోనే ఉందనుకునే పిల్లలు మన హాస్టళ్లలో చాలామంది. అందుకే ఈ చరిత్ర.

కోకాకోలా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నుంచే ఉంది. మెక్‌డొనాల్డ్స్ 1976లో అధికారిక స్పాన్సర్ అయింది. 1984 లాస్ ఏంజెలిస్‌లో అమెరికా పతకం గెలిస్తే కస్టమర్లకు తిండి ఫ్రీ అని కార్డులు పంచింది. సోవియట్ యూనియన్ ఆటలకే రాలేదు, అమెరికాకు 174 పతకాలొచ్చాయి. కంపెనీ లెక్క తప్పింది గానీ, పేరు మాత్రం పతకాల పక్కన నిలిచింది. కొన్నది ఆ పేరునే. 2012 లండన్ ఒలింపిక్ పార్కులో 1,500 సీట్ల రెస్టారెంట్ పెట్టింది. 2017లో ఒప్పందం ముగించుకుంది.

2008 బీజింగ్‌లో అక్కడి తిండి పడక చికెన్ నగ్గెట్స్ తిన్నానని ఉసేన్ బోల్ట్ తన పుస్తకంలో చెప్పాడు. నిజమే, కానీ గెలిపించింది ఏళ్ల సాధన.

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక మన పుల్లెల గోపీచంద్ గారికి కూల్‌డ్రింక్ యాడ్ వచ్చింది. ఆరోగ్యానికి మంచిది కాదని వద్దన్నారు. అంత డబ్బు వదులుకోవడం చిన్న విషయం కాదు.

చోడి అంబలి, జొన్న గటక చూసి సిగ్గుపడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంగతి చెప్పండి. యాడ్‌లో కనబడేది డబ్బు బలం, ఒంటి బలం కాదు.